నాలుగో పీపా

వేటకి వెళ్ళినవాళ్ళు ఎన్ని బాతులు తెస్తారో నేను వంటింట్లో కూర్చునే చెప్పేదాన్ని. తుపాకీ చప్పుళ్ళు వింటూ, మూడు చప్పుళ్ళకి ఒక బాతు అనుకునేదాన్ని. వచ్చిన దొరలు చేతకానివాళ్ళయితే ఐదింటికి ఒకటి. ఆ లెక్కనే నీళ్ళు కాచి, ఈకలు పీకే బల్ల తుడిచి పెట్టేదాన్ని. ఇరవై ఆరేళ్ళు ఆ వేట ఇంట్లో వంట చేశాను. చెవి మీద నాకంత నమ్మకం ఉండేది.

మా మడుగు వెనిస్‌కి దక్షిణాన, కియోజ్జా ఊరి పక్కన. నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు కయ్యలో కొంత మేర చుట్టూ మట్టిగట్టు పోసి కట్టుకున్న నీళ్ళు. లోపల చేపలు పెరుగుతాయి. చలికాలం బాతులు దిగుతాయి. గట్టుకి ఒకటే తూము. నా భర్త జిల్దో దాని కాపరి. పోటు వచ్చినప్పుడు ఎంత ఎత్తాలో, ఆటు మొదలయ్యేటప్పుడు ఎప్పుడు దించాలో అతనికి నిద్రలో కూడా తెలుసు. మా ఊరివాళ్ళు తక్కిన విషయాల్లో జిల్దోని ఎగతాళి చేసేవాళ్ళేగాని, తూము మాట వస్తే గౌరవంగా టోపీ సవరించుకునేవాళ్ళు.

మడుగులో ఆరు చెక్క పీపాలు బురదలోకి దింపి ఉండేవి. అంచు నీటి పైకి జానెడు కనబడుతుంది, అంతే. వేటగాడు అందులో కూర్చుంటే తలా, తుపాకీ తప్ప ఏమీ బయటికి రావు. చుట్టూ బొమ్మ బాతులు తేలుతుంటాయి. పడవవాడు దొరని పీపాలో దింపి, దూరంగా రెల్లు పొదల్లో పడవ దాచుకుని కూర్చోవాలి. కొమ్ము వినబడేదాకా కదలకూడదు. ఒక్క పడవ కదిలినా మడుగులో బాతులన్నీ లేచి సముద్రం మీదికి పోతాయి. ఆ రోజు వేట అందరికీ పోయినట్టే.

ఆ కొమ్ము నా దగ్గర ఉండేది. వేట పెద్ద అత్తీలియో గారు పెద్ద దొరతో పాటు తనే పడవలో వెళ్ళిపోయేవాడు గనక, పది కొట్టగానే గుమ్మంలో నిలబడి మూడుసార్లు ఊదే పని నాకు అప్పజెప్పాడు. ఇత్తడి కొమ్ము. పొయ్యి పక్కన మేకుకి వేలాడుతుండేది.

నేను పుట్టు పిరికిదాన్ని. ఎవరు గడప దాటినా మళ్ళీ రారేమో అనిపించేది. యుద్ధకాలంలో, నలభై మూడులో మా అన్న సైన్యంలోకి పోతూ, రైలు కదలడానికి ఇంకా టైముంది, పోయి నిమ్మకాయ ఒకటి పట్రా అని నన్ను స్టేషను బయటికి పంపాడు. నేను నిమ్మకాయతో వచ్చేసరికి రైలు లేదు. అన్న కూడా మళ్ళీ రాలేదు. అప్పట్నుంచీ ఎవరైనా బయల్దేరితే వాళ్ళ వెంట మెట్లదాకా, మలుపుదాకా పోవడం నాకు అలవాటైంది. జిల్దో నవ్వేవాడు.

"ఏమే, తూము దాకా పోయి రావడానిక్కూడా సాగనంపుతావా? నాతో వచ్చి ఆ గొడుగు కూడా పట్టకూడదూ?"

ఆ భయంతోనే, ఇప్పుడు చెప్పబోయే రోజుకి రెండేళ్ళ ముందు ఒక తప్పు చేశాను. పొగమంచు దట్టంగా దిగిందని, పడవలు దారి తప్పుతాయేమోనని ఎనిమిదింటికే కొమ్ము ఊదేశాను. పడవలన్నీ పరుగున వచ్చాయి. వచ్చేసరికి మంచు విడిపోయి ఎండ కాస్తోంది. ఆకాశం నిండా బాతులు సముద్రం వైపు పోతున్నాయి. అత్తీలియో గారు నన్నేమీ అనలేదు. దొరలందరి ముందూ జిల్దోని అన్నాడు. అప్పటిదాకా జిల్దోకి పడవ కూడా ఉండేది. ఆ రోజుతో పడవ తీసేసుకుని తూము దగ్గర మాత్రం ఉంచాడు. పడవవాళ్ళు నాకు కొమ్ములమ్మ అని పేరు పెట్టారు. ఆ రాత్రి జిల్దో కోపగించుకోలేదు. మంచం అంచున కూర్చుని మేజోళ్ళు విప్పుతూ అన్నాడు:

"ఎర్సీ, నీకు భయమేస్తే ప్రార్థన చేసుకో. నామీద కోపమొస్తే గిన్నెలు విసురు. ఆ కొమ్ము మాత్రం పది కొట్టకుండా ముట్టుకోనని నామీద ఒట్టు పెట్టు."

ఒట్టు పెట్టాను.

యుద్ధం అయిపోయిన పదకొండో ఏడాది, నవంబరు. మూడు రోజులుగా షిరోకో గాలి వీస్తోంది. సముద్రం వైపు నుంచి వచ్చే ఆ వెచ్చటి తడిగాలి కయ్యలోకి వచ్చిన పోటుని వెనక్కి పోనివ్వదు. వేటకి ఆరుగురు దొరలు వచ్చారు. రాత్రి భోజనాల దగ్గర టోపీలో చెక్క బిళ్ళలు వేసి ఎవరికి ఏ పీపానో చీట్లు తీసినట్టు తీశారు. పాదువా నుంచి వచ్చిన లాయరు కొరాదిన్ గారికి నాలుగోది వచ్చింది. తూము కాలవ మొదట్లో ఉంటుంది అది. బాతులు ముందు అక్కడే దిగుతాయి. ఆ సంతోషంలో ఆయన గ్రాప్పా సారా సీసా సగం తాగేశాడు. తెల్లవారుజామున లేపితే గోడకేసి తిరిగి, "నేను చచ్చిపోయానని చెప్పండి" అన్నాడు.

పీపా ఖాళీగా ఉంచడానికి లేదు. ఏ పీపాలో తుపాకీ పలకదో బాతులకి ఇట్టే తెలిసిపోతుంది. అన్నీ పోయి దాని చుట్టూ చేరతాయి, మిగతావాళ్ళకి ఒక్కటీ రాదు. అత్తీలియో గారు వంటింట్లోకి వచ్చి, కాఫీ తాగుతున్న జిల్దోని చూశాడు.

"లేవరా. ఇవాళ నువ్వే లాయరువి."

"నేనా అయ్యా? తూము ఎవరు చూస్తారు?"

"తూము మధ్యాహ్నం గదా. దొరలు భోంచేశాక మలుగు చేపలు పట్టడం చూస్తారు. అప్పటికి వస్తావులే."

పాతికేళ్ళు ఇతరుల్ని పీపాల్లోకి దింపినవాడు. ఒక్కసారి కూడా తను కూర్చోలేదు. లాయరు గారి తోలు కోటు తొడుక్కుని, ఆయన రెండు గొట్టాల బెల్జియం తుపాకీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కోటు మోకాళ్ళ కింది దాకా వచ్చింది.

"ఎలా ఉన్నానే?"

"పెళ్ళికొడుకు దగ్గర బట్టలు అరువు తెచ్చుకున్న పురోహితుడిలా ఉన్నావు."

"పొగిడావో తిట్టావో వచ్చాక చెప్తా. ఎన్ని నీళ్ళు పెడతావు పొయ్యి మీద?"

"నీ గురికా? చెంబెడు చాలు."

పడవవాళ్ళు గట్టిగా నవ్వారు. రీనో పడవలో వెళ్ళాలి జిల్దో. రీనో ఐదో పీపాకి డాక్టరు గారిని తీసుకెళ్తున్నాడు, దారిలో నాలుగో దాంట్లో జిల్దోని దింపేస్తాడు. దొరకైతే పడవ రెల్లులో ఆగి కాచుకుంటుంది. జిల్దో దొర కాదు గనక ఎవరూ కాచుకోనక్కర్లేదు. కొమ్ము ఊదాక రీనో తిరిగొచ్చేటప్పుడు ఎక్కించుకుంటాడు. అప్పుడది ఎవరికీ తప్పుగా తోచలేదు. నేను మెట్లదాకా వెళ్ళాను. చీకట్లో పడవల లాంతర్లు ఒకదాని వెనక ఒకటి పోయాయి. జిల్దో చెయ్యి ఊపాడో లేదో నాకు కనబడలేదు.

వెళ్తూ అత్తీలియో గారు నాకు ఒక్క మాటే చెప్పాడు. "లాయరు గారు లేస్తే ఏదడిగితే అది చెయ్యి. పీపా పోయిందని మనసు కష్టపెట్టుకుంటాడు. మళ్ళీ ఏడాది రావాల్సిన మనిషి."

ఆయన ఎనిమిదింటికి లేచాడు. చెదిరిన జుట్టుతో వంటింట్లోకి వచ్చి పొయ్యి దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. ఒంటరిగా ఉండలేని మనిషి. నేనిచ్చిన ఉల్లిపాయ చారు తాగి, అప్పుడే మోగిన జంట చప్పుడు విని చెయ్యెత్తాడు.

"ఆగు. అది నా తుపాకీ. దాని గొంతు వేరు. నా బాతుల్ని కాలుస్తున్నాడెవడో!"

"మా ఆయనండీ."

"నీ మొగుడా? తగులుతున్నాయా?"

"మొదటి గుండు దేవుడికి, రెండోది బాతుకీనండి."

ఆయన నవ్వి తల పట్టుకున్నాడు. కాసేపు అటూ ఇటూ తిరిగి, కిటికీలోంచి వాన చూసి, చిన్నపిల్లాడిలా విసుక్కున్నాడు.

"వేట పోయింది. కనీసం చేపలైనా చూపించు ఎర్సీలియా. మలుగులు తూము దగ్గర కుప్పపడతాయటగా?"

నిజమే. నవంబరులో మలుగు చేపలకి సముద్రం మీద ధ్యాస పుడుతుంది. తూము కొంచెం ఎత్తి ఉప్పునీరు లోపలికి వదిలితే, ఆ రుచి తగిలి మడుగులో ఉన్నవన్నీ అటే వస్తాయి. తూము ముందు రెల్లుతో అల్లిన దడి ఉంటుంది. అందులో చిక్కుకుంటాయి. చూడ్డానికి బాగుంటుంది.

"మధ్యాహ్నం జిల్దో చూపిస్తాడండి."

"మధ్యాహ్నం అందరితో కలిసి చూస్తే నాకేం గొప్ప? నీకు తియ్యడం రాదా?"

నాకు వచ్చు. ఎన్నోసార్లు జిల్దో పక్కన నిలబడి తూము పలకని లేపే తిప్పుడుబద్ద తిప్పాను. ఏదడిగితే అది చెయ్యమన్నారు గదా అనుకున్నాను. శాలువా కప్పుకుని ఆయన వెంట గట్టు మీద రెండు వందల అడుగులు నడిచాను. గాలికి సముద్రపు వైపు నీళ్ళు గట్టు అంచుకి మూరెడు కిందే ఉన్నాయి. అంత ఎత్తున నీళ్ళు నేను అంతకుముందు ఒకటి రెండుసార్లు మాత్రమే చూశాను.

తూము పలకకి ఐదు చిల్లులు ఉంటాయి. పలక ఎత్తి, కావలసిన చిల్లులో ఇనప మేకు దోపితే అక్కడ నిలుస్తుంది. షిరోకో వీస్తున్నప్పుడు జిల్దో ఒక్క చిల్లు దాటేవాడు కాదు. అదైనా తిప్పుడుబద్ద మీద చెయ్యి తియ్యకుండా అక్కడే నిలబడేవాడు. నేను ఒక చిల్లు ఎత్తి మేకు పెట్టాను. పలక కింద నీళ్ళు సన్నగా బుసకొట్టాయి.

లాయరు గారు దడిలోకి వంగి చూశాడు. "ఏవీ? ఒక్కటీ లేదే."

"కాసేపట్లో వస్తాయండి."

"ఇంకొంచెం ఎత్తు."

"ఈ గాలికి జిల్దో ఒకటే పెడతాడండి."

"జిల్దో నా పీపాలో ఉన్నాడు. ఇవాళ నేనే జిల్దోని. తిప్పు!" అని తనే బద్ద మీద చెయ్యి వేశాడు.

ఇద్దరం తిప్పాం. రెండు. మూడు. మేకు మూడో చిల్లులో దోపింది నేనే. నీళ్ళు దడదడమంటూ లోపలికి దూకాయి. దడి రెల్లు వంగిపోయింది. కాసేపటికి నల్లగా ఒక వీపు మెరిసింది, తర్వాత ఇంకొకటి. ఆయన చప్పట్లు కొట్టాడు. అంతలో వాన జోరయ్యింది.

"లోపలికి పోదాం పద. ఇవి పోగవనీ, అరగంటలో వచ్చి చూద్దాం."

నేను పలక దించాలనుకున్నాను. దించితే మళ్ళీ ఎత్తమంటాడు గదా అనుకున్నాను. పైగా నా సంకటికి వేళవుతోంది. పన్నెండుమందికి మొక్కజొన్న సంకటి ఉడకడానికి గంట పడుతుంది. ఆ గంటసేపూ తెడ్డు ఆపకూడదు, ఆపితే అడుగంటుతుంది. మూడో చిల్లులోనే వదిలేసి వచ్చేశాను.

రాగి బాన పొయ్యి మీద గొలుసుకి తగిలించి పిండి పోసేటప్పటికి గోడ గడియారం తొమ్మిదికి ఐదు నిమిషాలు తక్కువ చూపించింది. తెడ్డు తిప్పడం మొదలుపెట్టాను. లాయరు గారు పొయ్యి దగ్గర కాళ్ళు చాచుకున్నాడు. నాలుగో పీపా మళ్ళీ పలికింది. రెండు. కొంచెం ఆగి రెండు. నాకు లోపల్లోపల నవ్వు వచ్చింది. ఎంత సంబరపడుతున్నాడో అనుకున్నాను. చెంబెడు నీళ్ళు చాలన్నందుకు నాకు చూపించాలని కాలుస్తున్నాడు అనుకున్నాను.

తర్వాత చప్పుడు మారింది. ఒకటి. కాసేపటికి ఒకటి. మళ్ళీ అంతే సేపటికి ఒకటి.

నా తెడ్డు నెమ్మదించింది. "ఒంటి గుళ్ళు కాలుస్తున్నాడండీ."

"ఊఁ."

"బాతులు లేస్తే ఎవరైనా రెండు గుళ్ళూ వదుల్తారు గదండీ."

"దెబ్బ తిన్నవి నీళ్ళమీద ఈదుతుంటాయి. వాటిని ఒక్కోదాన్నీ ముగిస్తున్నాడు. జాగ్రత్తగలవాడు నీ మొగుడు. నేనైతే వదిలేసేవాణ్ణి."

ఆ మాట సబబుగానే ఉంది. అయినా నేను వింటూనే ఉన్నాను. ఒకటి. నా చెయ్యి ఒక చుట్టు తిప్పేంత ఎడం, రెండు చుట్లు, మూడు. మళ్ళీ ఒకటి. బాతుల్ని కాల్చేవాడికి అంత సమంగా బాతులు దొరకవు. అది అప్పుడే తెలుసు నాకు. పదకొండు లెక్కపెట్టాను. గోడమీద కొమ్ము చేతికి అందేంత దూరంలో ఉంది. తొమ్మిదీ ఇరవై అయ్యింది.

"లాయరు గారూ, నాకెందుకో బాగా లేదండి."

ఆయన ఒక కన్ను తెరిచి చూశాడు. "నువ్వేనటగా ఆ కొమ్ములమ్మవి? రాత్రి అత్తీలియో చెప్పి ఎంత నవ్వించాడో. పొగమంచుకి కొమ్ము ఊదావటగా!"

నా ముఖం వేడెక్కింది. సంకటిలోకి చూస్తూ తెడ్డు తిప్పాను. మళ్ళీ ఊదితే ఈసారి తూము కూడా తీసేసుకుంటారు. ఒట్టు కూడా పెట్టి ఉన్నాను. నా భయాలన్నీ ఇలాగే మొదలవుతాయి, అన్నీ చివరికి ఏమీ కాకుండా పోతాయి, ఇది కూడా అంతే. జన్మలో మొదటిసారి నా భయాన్ని నేనే తిట్టుకుని కూర్చోబెట్టాను. ఒకటి. ఒకటి. తొమ్మిదీ ముప్పై ఐదుకి ఆగిపోయింది.

ఆగిపోగానే నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. అదిగో, అయిపోయింది, గుళ్ళు అయిపోయాయి, ఇంక చుట్ట కాల్చుకుంటూ కూర్చుంటాడు అనుకున్నాను. సంకటి చిక్కబడింది. చెక్క పీట మీద బోర్లించి గుడ్డ కప్పాను. పది కొట్టింది. కొమ్ము తీసుకుని గుమ్మంలోకి వెళ్ళాను.

మూడుసార్లూ ఊదిన తర్వాతే కిందికి చూశాను. పడవల మెట్లు ఐదు ఉండాలి. రెండే కనబడ్డాయి.

గట్టు మీద పరుగెత్తాను. తూము పలక ఒక పక్కకి వాలి వేలాడుతోంది. దాని రెండు వైపులా మట్టి కొట్టుకుపోయి, ఇల్లంత వెడల్పున గండి పడింది. సముద్రం లోపలికి నడిచి వస్తోంది. దడి లేదు. మలుగులు లేవు. నాలుగో పీపా ఉండాల్సిన వైపు వాన, రెల్లు కొనలు, గోధుమరంగు నీళ్ళు తప్ప ఏమీ లేవు. నేను అరిచాను. ఆ గాలిలో నా అరుపు నాకే వినబడలేదు.

పడవలు వచ్చాయి. నీళ్ళు పెరగగానే పడవవాళ్ళు తమ దొరల్ని పీపాల్లోంచి పడవల్లోకి ఎక్కించుకుని, కొమ్ము కోసం రెల్లులోనే కాచుకున్నారట. మా దగ్గర ఆచారం ఒకటే, ఎవడి దొరని వాడు ముందు ఒడ్డు చేర్చాలి. తర్వాత కుక్కలు, తుపాకులు. తర్వాతే మిగతావి. ఐదు పడవలూ నిండుగా వచ్చాయి. రీనో డాక్టరు గారి చెయ్యి పట్టుకుని దింపుతున్నాడు.

"జిల్దో ఏడీ?" అన్నాను.

రీనో నన్ను చూసి, తక్కిన పడవల వైపు చూశాడు. "వదినా, నేను అటుగానే వచ్చా. పీపా కనబళ్ళేదు. ఎవరో ఎక్కించుకుపోయారనుకున్నా. డాక్టరు గారు వణికిపోతన్నారు..."

"ఎవరెక్కించుకున్నారు?" అత్తీలియో గారు గట్టిగా అడిగాడు. పడవవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయన తిట్టు ఒకటి తిట్టి, పెద్ద దొర ఇంకా దిగకుండానే గడ అందుకున్నాడు. రీనో ఆయన పడవలోకి దూకాడు. పెద్ద దొర ఆ కుదుపుకి నీళ్ళలో మోకాళ్ళ మీద పడ్డాడు. ఎవరూ లేపలేదు.

గంటకి పైగా పట్టింది. జిల్దోని పాత దడి గుంజ ఒకటి పట్టుకుని ఉండగా చూశారు, గడ్డందాకా నీళ్ళలో. చేతులు విడదియ్యడానికి ఇద్దరూ కలిసి లాగాల్సి వచ్చిందట. తుపాకీ లేదు. లాయరు గారి తోలు కోటు మాత్రం ఒంటి మీదే ఉంది. అది నానిపోయి ఎంత బరువెక్కిందంటే, వంటింట్లో నేలమీద కత్తితో కోసి తీశాం.

పొయ్యి దగ్గర పరుపు వేసి పడుకోబెట్టాం. డాక్టరు గారు ఛాతీ మీద చెవి పెట్టి విని, నా వైపు కాకుండా అత్తీలియో గారి వైపు చూసి మాట్లాడాడు.

"గుండె తప్పిపోతోంది. వెంటనే కియోజ్జా ఆసుపత్రికి చేర్చాలి."

"ఈ గాలిలో కయ్య దాటలేమండి. పడవ తిరగబడుద్ది," అన్నాడు అత్తీలియో గారు.

"అయితే వేడి చెయ్యండి. మెల్లగా. నేను చెప్పగలిగింది అంతే."

ఇటుకలు కాచి గుడ్డల్లో చుట్టి పెట్టాను. అతని కాళ్ళు నా ఒళ్ళో పెట్టుకుని రుద్దాను. వంటింట్లో అందరూ నిలబడి ఉన్నారు. లాయరు గారు తలుపు పక్కన, గోడకి ఆనుకుని. ఒంటిగంట దాటాక జిల్దో కళ్ళు తెరిచాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. మాట తడబడుతున్నా తెలివి బాగానే ఉంది.

"ఎర్సీ. వినబళ్ళేదా?"

"ఏంటయ్యా?"

"కాల్చా గదే. నీళ్ళు పీపాలోకి వచ్చేశాయి. అంచు మీదెక్కి నిలబడి కాల్చా. ఉన్నవన్నీ. నువ్వు లెక్కపెడతావుగా, లెక్కలో తేడా కనిపెడతావనుకున్నా."

నేను అతని మడమ రుద్దుతూ అన్నాను:

"వినబళ్ళేదు. గాలి అటు వైపుకి కొట్టింది. ఒక్కటీ వినబళ్ళేదు."

"అదే అనుకున్నా," అన్నాడు. కొంచెం తేలికపడ్డట్టు కనబడ్డాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు ఊపిరి పోగుచేసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాం. మళ్ళీ తెరిచాడు.

"తూము ఎవరన్నా ఎత్తారా?"

అత్తీలియో గారు నన్ను చూశాడు. అప్పటిదాకా ఆయనకీ తెలియదు. గట్టు దానంతటదే తెగిందనుకున్నాడు. తలుపు దగ్గర లాయరు గారు ఒక అడుగు గుమ్మం అవతలికి జరిగాడు.

"నేనెత్తాను," అన్నాను.

"ఎన్ని చిల్లులు?"

నాకిప్పుడు ఎనభై రెండేళ్ళు. ఆ ప్రశ్నకీ నా జవాబుకీ మధ్య ఎంతసేపు గడిచిందో ఇప్పటికీ కొలవలేను. మూడు అంటే, నా చావుకి నా పెళ్ళామే తలుపు తీసిందని తెలుసుకుని పోతాడు. ఆ ఒక్క సంగతి అతనికి తెలియకూడదు అనుకున్నాను. ఇంకొకటి కూడా అనుకున్నాను. అతను నన్ను ఆ చూపుతో చూస్తూ పోకూడదు. అది అతని కోసం కాదు, నా కోసం.

"ఒకటే," అన్నాను. "నువ్వు పెట్టినట్టే."

"మేకు బాగా దోపావా?"

"దోపాను."

అతని నొసలు ముడిపడింది. పైకప్పు దూలాల వైపు చూస్తూ ఏదో లెక్క వేసుకున్నాడు. చేతులు కదలవు గనక కళ్ళతోనే ఆ తూమంతా పైనుంచి కిందికి తడుముతున్నట్టుంది.

"ఒక చిల్లుకి తెగదే. ఒక చిల్లుకి తెగిందంటే పలక కింద చెక్క దిమ్మ కుళ్ళిపోయి ఉంటది. ఎండాకాలం ఆటులో దిగి చూడాల్సింది. చూద్దాం చూద్దాం అనుకుని వదిలేశా. నాదే తప్పు." తల అత్తీలియో గారి వైపు తిప్పాలని ప్రయత్నించాడు. "అయ్యా, నాదే తప్పు. దానికేం తెలీదు. దాన్నేమనకండి."

దిమ్మ కుళ్ళలేదు. ఎండాకాలం అతను మూడుసార్లు దిగి చూశాడు. లాంతరు పట్టుకున్నది నేనే. చలికి ఆ సంగతి మరచిపోయాడు.

"అలాగేలేరా," అన్నాడు అత్తీలియో గారు. "పడుకో."

నేను మాట్లాడవలసింది అప్పుడు. నోరు తెరిచాను కూడా. జిల్దో కాలు నా చేతుల్లో ఒక్కసారి బిగుసుకుని వదిలేసింది. డాక్టరు గారు వంగి చూసి, గడియారం తీసి టైము చూశాడు.

గాలి ఇంకో రెండు రోజులు తగ్గలేదు. శవాన్ని ఒడ్డుకి దాటించే వీలు లేక అదే వంటింటి పక్కగదిలో ఉంచాం. లాయరు గారు ఆ రెండు రోజులూ నాతో మాట్లాడలేదు. మూడో రోజు పడవ ఎక్కేముందు వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"ఎర్సీలియా, నేను అడగబట్టే..."

"చలిగా ఉందండి. శాలువా కప్పుకోండి," అన్నాను. ఆయన వెళ్ళిపోయాడు. నేను మెట్లదాకా వెళ్ళలేదు.

ఆ గండిలోంచి మడుగులో ఉన్న చేపలన్నీ సముద్రంలోకి పోయాయి. మూడేళ్ళ పంట. ఆ చలికాలం మా ఊళ్ళో తొమ్మిది కుటుంబాలకి పని లేకుండా పోయింది. వాళ్ళెవరూ నాతో చెడ్డమాట అనలేదు. జిల్దో దిమ్మ చూసుకోలేదట, అని వాళ్ళలో వాళ్ళు అనుకున్నారు. అది అతనే చచ్చిపోతూ ఒప్పుకున్నాడు గదా, దానికి తిరుగేముంది. సమాధి చేసిన రోజు రీనో, అత్తీలియో గారు, జిల్దో తమ్ముడు ఒరెస్తే, నేను. అంతే. తూము మాట వస్తే టోపీ సవరించుకునే మనుషులు ఒక్కరూ రాలేదు.

శ్మశానం నుంచి తిన్నగా ఒరెస్తే నాతోపాటు వేట ఇంటికి వచ్చాడు. వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్న అత్తీలియో గారి ముందు నిలబడి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అయ్యా, మా అన్న మీ ఉప్పు తిని మీకు నష్టం చేశాడు. ఊరందరి నోటి దగ్గర కూడు తీశాడు. వాడి తరఫున నేను క్షమాపణ అడుగుతున్నా."

అత్తీలియో గారు వేళ్ళతో బల్ల మీద రొట్టె ముక్కలు ఒకచోటికి పోగుచేశాడు. ఈసరికి ఆయనకి అంతా తెలుసు. లాయరు గారు వెళ్ళేముందు చెప్పేసి ఉంటాడు. తల ఎత్తి నన్ను చూశాడు. "నువ్వేమైనా చెప్తావా ఎర్సీలియా?"

చెప్తే, ఏదడిగితే అది చెయ్యమన్నది ఎవరో కూడా చెప్పాలి. అది ఆయనకీ తెలుసు. నేను చెప్పనని కూడా తెలుసు. నేను లేచి వైను కూజా తెచ్చి ముగ్గురికీ గ్లాసుల్లో పోశాను.

"పోయినవాడి మీద కోపమేముంటుంది," అన్నాడు అత్తీలియో గారు. "కూర్చో ఒరెస్తే."

ఒరెస్తే కూర్చోలేదు. నిలబడే తాగేసి, గ్లాసు బల్ల మీద పెట్టి, నా దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. అచ్చం జిల్దో చేతుల్లాగే వెడల్పుగా, తాడు రాసుకుని గరుకుగా ఉన్నాయి.

"నిన్ను ఈ గతికి తెచ్చాడు వదినా. నువ్వు కూడా వాణ్ణి క్షమించెయ్యి."

"క్షమించాను," అన్నాను.